పాత మారుతి 800కి ప్లగ్గులూ ప్లగ్ వైర్లూ: ఏవి కొనాలి, డబ్బు దేనిమీద పెట్టాలి

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, ఎక్కడైనా తప్పితే సరిదిద్దండి. రాజోలు పక్కన ఊరు. నాన్నగారు వాడిన 1997 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ బండి. ముసురు పట్టిన రోజు పొద్దున్నే స్టార్టవడానికి ఏడిపిస్తోంది. అయ్యాక కూడా ఐదారు నిమిషాలు మిస్ కొడుతూ వణుకుతుంది, ఎండ కాశాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. మెకానిక్ ప్లగ్గులూ వైర్లూ మార్చేద్దామన్నాడు. మీరేమో ఆన్‌లైన్లో ఇరీడియం ప్లగ్గులూ, ఎర్రరంగు ఎనిమిది మిల్లీమీటర్ల రేసింగ్ వైర్లూ చూసి పెట్టుకున్నారు. వాటికి పెట్టిన డబ్బు గిట్టుతుందా అన్నది ప్రశ్న.

గిట్టదండి. ప్లగ్గులు మామూలువే వేయించండి. మిగిలిన డబ్బు వైర్లకీ, డిస్ట్రిబ్యూటర్ క్యాపుకీ, రోటరుకీ పెట్టండి. డిస్ట్రిబ్యూటర్ అంటే కాయిలు కరెంటుని ఒక్కో ప్లగ్గుకి వంతులవారీగా పంచేది, క్యాపు దాని మూత, రోటరు లోపల తిరిగే ముక్క. ప్లగ్గు ఎన్‌జీకే అయితే బీపీఆర్‌6ఈఎస్, బాష్ అయితే డబ్ల్యుఆర్‌7డీసీ, ఛాంపియన్ అయితే ఆర్‌ఎన్‌9వైసీ. మూడూ ఒకదానికొకటి సాటివే, ఏది నిఖార్సుగా దొరికితే అది. గ్యాపు, అంటే స్పార్కు దూకే రెండు కొనల మధ్య ఖాళీ, 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. వైర్లు కార్బన్ కోర్ ఉన్నవి (లోపల రాగి బదులు కార్బన్ పోగు), పైన సిలికాన్ తొడుగు, ఏడు మిల్లీమీటర్ల మందం, మీ బండికే కొలతపెట్టి చేసిన సెట్టు. ఎర్రవి వద్దు. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేసి షాపుకి వెళ్ళొచ్చు. తీరిక ఉంటే కారణాలు చదవండి, కొంచెం పొడుగే.

నేను అమలాపురంలో ముప్పయ్యేళ్ళకి పైగా పెట్రోలు బళ్ళే చూశాను. అంబాసిడర్లతో మొదలు, తర్వాత ఫియట్లు, ఆ తర్వాత అంతా మారుతీయే. డీజిలు జోలికి పెద్దగా వెళ్ళలేదు. కాబట్టి నేను చెప్పేది కాయిలూ, డిస్ట్రిబ్యూటరూ, ప్లగ్ వైర్లూ ఉన్న పాత బళ్ళ సంగతి. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిలు కూర్చునే ఇప్పటి బళ్ళకి ఇందులో సగం వర్తించదు.

మీ ప్రశ్నలోనే జవాబు దాదాపు ఉంది. "ఎండ కాశాక మామూలే" అన్నారు చూడండి, అక్కడ. ప్లగ్గు అరిగిపోతే ఎండకీ వానకీ తేడా ఉండదు, ఎప్పుడూ అలాగే ఏడుస్తుంది. ముసురుకి మాత్రమే ఏడ్చి ఇంజిను వేడికి సర్దుకునేది నెమ్ము. ఆ నెమ్ము పట్టేది ప్లగ్గు లోపల కాదు, బయట. వైరు మీద, వైరు చివర రబ్బరు టోపీలో, క్యాపు లోపల.

కాయిలు మీ 12 వోల్టుల బ్యాటరీ కరెంటుని పదివేలు, ఒక్కోసారి ఇరవై వేల వోల్టుల పైకి పెంచి పంపుతుంది. అంత కరెంటుకి ఒకటే బుద్ధి: సులువైన దారి వెతుక్కోవడం. సిలిండరు లోపల గాలీ పెట్రోలూ కుక్కి ఉన్న చోట ప్లగ్గు గ్యాపు దాటడం కష్టం. అదే వైరు మీద ఉప్పుతో కూడిన చెమ్మ పొర ఉంటే, దానిమీదుగా జారి ఇంజిను బాడీలోకి దిగిపోవడం తేలిక. దారిలో దొంగకాలువ తవ్వితే చివరి చేలోకి నీళ్ళు ఎక్కనట్టే.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, చాలామంది మెకానిక్కులు కూడా పట్టించుకోరు. ప్లగ్గు అరిగేకొద్దీ గ్యాపు పెరుగుతుంది. గ్యాపు పెరిగితే దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ ఎక్కువ వోల్టేజీ మొత్తం వైరు తొడుగు మీద ఒత్తిడి. అంటే అరిగిన ప్లగ్గు మంచి వైరుని కూడా పాడుచేస్తుంది. వైర్లు మార్చి పాత ప్లగ్గులు ఉంచేస్తే ఏడాది తిరక్కుండా మళ్ళీ ఇదే కథ. అందుకే రెండూ కలిపి మార్చమన్న మీ మెకానిక్ మాట సరైనదే.

మన ప్రాంతం సంగతి వేరుగా చెప్పాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఊళ్ళలో ఉప్పుగాలి సరేసరి. ఇప్పుడు సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో కూడా రొయ్యల చెరువులొచ్చాయి, ఏరియేటర్లు రాత్రంతా నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. చెరువు గట్టు మీద షెడ్డులో పెట్టిన బండి బానెట్ ఎత్తి చూడండి, అల్యూమినియం మీద తెల్లటి పొడి, ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము. ఉప్పుకి ఉన్న గుణం ఏమిటంటే గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. ఉప్పు పేరుకున్న వైరు మీద వాన పడక్కర్లేదు, మబ్బు పడితే చాలు. నేను చూసినంతలో, పైప్రాంతంలో ఐదారేళ్ళు లాగే వైర్లు మన తీరం ఊళ్ళలో మూడేళ్ళకే చేతులెత్తేస్తాయి.

సఖినేటిపల్లి వైపు ఒక రొయ్యల రైతుది ఓమ్ని ఉండేది. ఓమ్నికి ఇంజిను ముందు సీట్ల కింద ఉంటుంది కదా, రోడ్డు మీద నీళ్ళు నేరుగా దానికే కొడతాయి. ఏటా తొలకరికి నా దగ్గరికి తోసుకుంటూ తెచ్చేవారు. రెండేళ్ళు ప్లగ్గులే మార్చాను. కొత్త ప్లగ్గు వేయగానే నడిచేది, పదిహేను రోజులకి మళ్ళీ ఫోను. మూడో ఏడు తీరిగ్గా కూర్చుని వైర్లు విప్పితే, రబ్బరు టోపీలు బయటికి నున్నగా ఉన్నాయి, లోపల లోహపు క్లిప్పులు చిలుము పట్టి వేలితో నొక్కితే పొడి రాలింది. కొత్త ప్లగ్గుకి గ్యాపు తక్కువ కాబట్టి ఆ బలహీనపు కరెంటుతోనే పదిహేను రోజులు నెట్టుకొచ్చేది, అంతే. అప్పుడు వైర్ల సెట్టూ క్యాపూ మార్చి, టోపీల లోపల సిలికాన్ గ్రీజు రాశాను. తర్వాత ఆ బండి అమ్ముడుపోయేదాకా తొలకరికి ఫోను రాలేదు. ఆ రెండేళ్ళ ప్లగ్గుల డబ్బులు తీసుకున్నందుకు నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గే.

కొనడానికి ముందు మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఖర్చు లేదు. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, బండి న్యూట్రల్లో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజిను ఆన్ చేసి బానెట్ ఎత్తండి. మొక్కలకి కొట్టే స్ప్రే సీసాతో వైర్ల మీద సన్నటి తుంపర కొట్టండి. బిందెడు నీళ్ళు కుమ్మరించకండి, తుంపర చాలు. కరెంటు కారే చోట నీలంగా మెరుస్తుంది, చిటచిట శబ్దం వస్తుంది, ఆ క్షణమే ఇంజిను తడబడుతుంది. వైరు మధ్యలో మెరిస్తే తొడుగు పోయింది. ప్లగ్గు దగ్గర మెరిస్తే టోపీ పోయింది. క్యాపు చుట్టూ మెరిస్తే క్యాపుకి బీట ఉంది. ఇంజిను నడుస్తుండగా వైర్లని చేత్తో మాత్రం పట్టుకోకండి. పాయింట్ల బండి (డిస్ట్రిబ్యూటర్లో లోహపు పాయింట్లు విడివడితే స్పార్కు పుట్టే పాత రకం) కొడితే చెయ్యి జిల్లుమని ఊరుకునేది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బళ్ళు అలా ఊరుకోవు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఈ పనికి దగ్గరికే రాకూడదు.

మల్టీమీటరు ఉంటే వైరు రెండు చివరలా పెట్టి ఓములు, అంటే నిరోధం ఎంతో, చూడండి. కార్బన్ కోర్ వైరు అయితే మీటరు పొడవుకి సుమారు పది నుంచి ఇరవై వేల ఓములు ఉండాలి. 800లో వైర్లు పొట్టివి కాబట్టి నాలుగు వేలో, ఎనిమిది వేలో అలా చూపిస్తుంది. ముప్పై నలభై వేలు చూపించినా, వైరుని అటూఇటూ వంచితే అంకె గెంతులు వేసినా లోపల కోర్ తెగిందన్నమాట. ఒక్క మాట: మీటరు బాగుందంటే వైరు బాగున్నట్టు కాదు. మీటరు చూసేది లోపలి తీగనే, బయటి తొడుగు కారడాన్ని అది చూడలేదు. దానికి ఆ చీకటి పరీక్షే.

ఇక ఎర్ర వైర్ల సంగతి. ఎనిమిది మిల్లీమీటర్లు అంటే లోపల తీగ లావని చాలామంది అనుకుంటారు. కాదు, అది పైతొడుగుతో కలిపిన మందం. తొడుగు నిజంగా మంచి సిలికాన్ అయితే మందం ఉండటం మేలే. కానీ షాపుల్లో వేలాడే చవక రంగు వైర్లలో ఎక్కువ భాగం లోపల ఉత్త రాగి తీగ, పైన పీవీసీ. రాగి తీగకి నిరోధం లేదు కాబట్టి కరెంటు బాగా పారుతుందని అమ్మేవాళ్ళు చెప్తారు. స్పార్కు దూకేటప్పుడు కావలసింది వోల్టేజీ, అక్కడ పారే కరెంటు చాలా తక్కువ. కొన్ని వేల ఓముల వల్ల మీ ఇంజినుకి బలం తగ్గదు. రాగి తీగ వల్ల వచ్చేది మాత్రం గోల: ప్రతి స్పార్కుకీ అది రేడియో తరంగాలు విసురుతుంది. కొత్తపేట కుర్రాడొకడు ఇలాంటి వైర్లు వేయించుకుని ఎఫ్‌ఎం పాడైందని స్టీరియో మార్పించాడు, కొత్త స్టీరియోలో కూడా అదే గుర్రు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బళ్ళలో ఆ గోల మాడ్యూలుని, అంటే స్పార్కుని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బాని, కూడా తికమక పెట్టగలదు. పీవీసీ అయితే ఇంజిను వేడికి ఏడాదిలో కర్రలా బిగుసుకుని చిట్లుతుంది.

వైరు వైండ్ అని ఇంకో రకం ఉంది, సన్నటి తీగని స్ప్రింగులా చుట్టి చేస్తారు. నిరోధం తక్కువ, రేడియో గోలా తక్కువ, కార్బన్ కోర్ కన్నా గట్టిది. మీ బండి కొలతకి మంచి కంపెనీది దొరికితే నిరభ్యంతరంగా వేసుకోండి. దొరక్కపోతే వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

కొనేటప్పుడు చూడవలసింది రంగు కాదు, చివరలు. టోపీ ప్లగ్గు మీద కూర్చున్నప్పుడు టక్కుమని శబ్దం రావాలి, ఊగకూడదు. క్యాపు వైపు టోపీ చుట్టూ మూసుకోవాలి. పొడవు సరిపోవాలి, ఎక్కువైతే సైలెన్సర్ మానిఫోల్డు మీద వాలి కాలుతుంది, తక్కువైతే లాగి పట్టి టోపీని పైకి లేపుతుంది. తొడుగుని రెండు వేళ్ళ మధ్య వంచి చూడండి, సిలికాన్ మెత్తగా వంగి మళ్ళీ లేస్తుంది. ఏళ్ళ తరబడి షాపులో ఎండిన పాత సరుకు బిరుసుగా ఉంటుంది, మడత దగ్గర సన్నటి గీతలు పడతాయి. మన దగ్గర పాత మారుతి సామాన్లు ఇప్పుడు ఎక్కువగా అలాంటి పాత సరుకే వస్తోంది, అట్టపెట్టె కొత్తగా ఉందని మోసపోకండి.

క్యాపూ రోటరూ గురించి రెండు ముక్కలు. క్యాపు తిప్పి వెలుతురులో చూస్తే లోపల పెన్సిలు గీతలాంటి సన్నటి నల్లగీత కనబడితే అది బీట, దారి పడిపోయింది. తుడిస్తే పోదు, పారెయ్యండి. మధ్యలో స్ప్రింగు మీద చిన్న కార్బన్ మొగ్గ ఉంటుంది, అది లోపలికి నొక్కితే మళ్ళీ రావాలి. రోటరు కొనమీద తెల్లగా పేరుకుంటే మార్చేయడమే మంచిది, గరుకు కాగితంతో రుద్దితే రోటరుకీ క్యాపుకీ మధ్య ఖాళీ పెరుగుతుంది.

ఇప్పుడు ప్లగ్గు నంబరు. దీన్ని చదవడం వస్తే షాపువాడు ఏది చేతిలో పెట్టినా భయం ఉండదు. బీపీఆర్‌6ఈఎస్‌లో బీ అంటే 14 మిల్లీమీటర్ల మర. పీ అంటే పింగాణీ ముక్కు కొంచెం బయటికి పొడుచుకొచ్చింది. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, సుమారు ఐదు వేల ఓములు, రేడియో గోల అణచడానికి. 6 వేడి మెట్టు. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. ఎస్ అంటే మామూలు రాగి కోర్.

వీటిలో ప్రాణం మీదికి తెచ్చేది మర పొడవు. ఈ బదులు హెచ్ ఉంటే 12.7 మిల్లీమీటర్లే. పొట్టిది పొడుగు హెడ్డులో వేస్తే స్పార్కు గుంటలో పడుతుంది, మిగిలిన మరల్లో మసి గట్టిపడి తర్వాత సరైన ప్లగ్గు ఎక్కదు. పొడుగుది పొట్టి హెడ్డులో వేస్తే ఇంకా ఘోరం. ముమ్మిడివరం నుంచి ఒకాయన పాత టూ స్ట్రోక్ స్కూటరు తెచ్చారు, కిక్ దిగట్లేదని. ఇంట్లో ఉన్న కారు ప్లగ్గు వేసుకున్నారు, మర కలిసింది కదా అని. పిస్టను పైకొచ్చి ప్లగ్గుకి తగిలి ఆగింది. గట్టిగా తన్నలేదు కాబట్టి పిస్టనుకి చిన్న నొక్కుతో పోయింది.

వేడి మెట్టు మీద అపోహ ఎక్కువ. వేడి ప్లగ్గు అంటే స్పార్కు వేడిగా ఉంటుందని కాదు. పింగాణీ ముక్కు పొడుగ్గా ఉండి వేడిని హెడ్డులోకి మెల్లగా వదిలితే వేడి ప్లగ్గు, పొట్టిగా ఉండి గబగబా వదిలితే చల్ల ప్లగ్గు. ముక్కు కొన సుమారు 450 డిగ్రీలు దాటితే దానిమీద మసి దానంతటదే కాలిపోతుంది. 800 దాటితే నిప్పుకణికలా మారి స్పార్కు రాకముందే పెట్రోలుని అంటిస్తుంది, పిస్టను కరుగుతుంది. ఈ రెంటి మధ్య ఉంచడమే ఆ అంకె పని. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగితే చల్లన, బాష్, ఛాంపియన్‌లలో పెరిగితే వేడి. ఈ తిరకాసు తెలియక అంకెలు చూసి జత కలిపితే అచ్చంగా తలకిందులవుతుంది. పాత మెకానిక్కులు మైకో ప్లగ్గు అంటే కంగారుపడకండి, అది బాష్‌కి 2008 దాకా మన దేశంలో ఉన్న పేరు.

మన డెల్టాలో ఘాట్లు లేవు, ఎక్కుడు లేదు. కాలువ గట్టు మీద మూడో గేరులో సంతకెళ్ళి రావడం, పిల్లల్ని బడి దగ్గర దింపడం. ఐదు కిలోమీటర్ల ప్రయాణానికి ఇంజిను సరిగా వేడెక్కేలోపే ఇల్లొస్తుంది. ఇలా తిరిగే బండికి మసి పట్టడం సహజం. కాబట్టి "చల్ల ప్లగ్గు వేస్తే ఇంజిను చల్లగా ఉంటుంది" అని ఎవరైనా 7 వేయమంటే వద్దనండి. ఆయిలు కాస్త తాగుతున్న బండి, ఊరు దాటని బండి అయితే నేను ఒక మెట్టు వేడిది, అంటే 5 వేసిన సందర్భాలున్నాయి. కానీ అదే బండి నిండా మనుషులతో హైవే మీద విశాఖపట్నం వెళ్తానంటే 6 మళ్ళీ వేసి పంపేవాణ్ణి. మీరు 6తోనే ఉండండి.

గ్యాస్ కిట్టు ఉన్న బండి అయితే లెక్క మారుతుంది. గ్యాసులో స్పార్కు దూకడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి, పెట్రోలు చుక్కలు ఆవిరయ్యేటప్పుడు ఇచ్చే చల్లదనమూ ఉండదు. అలాంటి బళ్ళకి గ్యాపు 0.1 మిల్లీమీటరు తగ్గిస్తాను, పూర్తిగా గ్యాసు మీదే దూరాలు తిరిగేవాటికి ఒక మెట్టు చల్లది వేస్తాను. వైర్లు బలహీనంగా ఉంటే ముందు బయటపడేది గ్యాసు మీదే: పెట్రోలు మీద బాగుంది, గ్యాసుకి మార్చగానే జర్కులంటే నేను కిట్టు ముట్టుకోకుండా వైర్లు చూస్తాను.

ఇరీడియం చెడ్డదని నేననను. కొన సన్నంగా ఉంటుంది కాబట్టి తక్కువ వోల్టేజీకే దూకుతుంది, అరగడం చాలా నెమ్మది. ప్లగ్గు మార్చాలంటే సగం ఇంజిను విప్పాల్సిన బళ్ళకి అది వరం. మీ 800లో మూడు ప్లగ్గులు, పానా ఉంటే పావుగంట పని. ఒక ఇరీడియం డబ్బుకి మామూలు సెట్టు మొత్తం వచ్చి ఇంకా మిగులుతుంది. పైగా ముసలి ఇంజిను ఆయిలు పైకి లాగితే ఏ ప్లగ్గుకైనా మసి పడుతుంది, ఇరీడియం అని చూసి వదలదు. పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది అన్నవి అరిగిన ప్లగ్గు తీసి ఏ కొత్త ప్లగ్గు వేసినా కనబడే తేడాలే. మామూలువి పదిహేను వేల కిలోమీటర్లకోసారి మార్చేయండి.

నకిలీలు జాగ్రత్త. నేను మూడు చూస్తాను. మర దగ్గరున్న వాషరు: అసలుది మర మీద తిరుగుతుంది గానీ చేత్తో ఊడి రాదు, నకిలీది జారి కింద పడుతుంది. మధ్య కొన, పైన వంగిన కొన సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, నకిలీలో పక్కకి వాలి ఉంటుంది. పింగాణీ మీద అక్షరాలు గోటితో గీకితే పోకూడదు. మీటరుంటే రెసిస్టర్ ప్లగ్గు పైకొనకీ లోపలి కొనకీ మధ్య సుమారు మూడు నుంచి ఏడు వేల ఓములు చూపాలి, ఆర్ అని రాసి ఉండి సున్నా చూపిస్తే ఆ పెట్టె తిరిగిచ్చేయండి.

పాతవి తీసేటప్పుడు పారెయ్యకండి, ఏ సిలిండరుది ఏదో గుర్తుపెట్టి వరసలో పెట్టండి. లేత గోధుమరంగు అయితే నిశ్చింత. పొడిమసి అయితే చోక్ వెనక్కి రావట్లేదు, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. జిడ్డుగా తడి నలుపు అయితే ఆయిలు ఎక్కుతోంది, ఏ ప్లగ్గూ దాన్ని బాగుచేయదు. తెల్లగా సున్నంలా ఉంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఈ మధ్య ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక కార్బొరేటర్ బళ్ళలో ప్లగ్గులు మునుపటి కన్నా తెల్లబడటం చూస్తున్నాను. ఇథనాల్‌కి గాలి తక్కువ చాలు, కార్బొరేటర్ జెట్టుకి ఆ సంగతి తెలియదు, పాత లెక్కే పోస్తుంది. కొంచెం తెలుపుకి కంగారు అక్కర్లేదు, కొన మీద కరిగిన పూసల్లాంటివి కనబడితే మాత్రం బండి ఆపండి.

ఇంకో గుర్తు. పింగాణీ బయటివైపు, లోహం మొదలయ్యే చోట గోధుమరంగు వలయం కనబడితే గ్యాసు లీకని కొందరు ప్లగ్గు పారేస్తారు. అది కరెంటు చుట్టూ ఆయిలు ధూళి అతుక్కున్న మరక, హాని లేదు. పింగాణీ మీద నిలువుగా నల్లటి సన్నగీత ఉంటే మాత్రం కరెంటు బయటనుంచి దిగుతోంది. ఆ ప్లగ్గుతో పాటు దాని టోపీ లోపల కూడా అదే గీత ఉంటుంది. ఒకటి మార్చి ఒకటి ఉంచితే రెండోది కొత్తదాన్ని చెడగొడుతుంది. 2022 జూలై వరదకి లంకలో మునిగిన ఒక 800 విషయంలో నేను చేసిన పొరపాటు అదే. ప్లగ్గులు మార్చి వైర్లు కడిగి ఆరబెట్టి వేశాను, పైకి బాగానే కనబడ్డాయి. నెలలో మూడు ప్లగ్గుల్లో రెంటికి గీతలు పడ్డాయి. బురదనీళ్ళలో నానిన వైరుని నమ్మకూడదని అప్పుడు తెలిసొచ్చింది, అన్నేళ్ళ తర్వాత!

బిగింపు గురించి చెప్పి ఆపేస్తాను. ఇంజిను చల్లారాకే విప్పండి, 800ది అల్యూమినియం హెడ్డు, వేడిమీద విప్పితే మరలు పీక్కొస్తాయి. విప్పేముందు ప్లగ్గు చుట్టూ ఇసుక ఊదేయండి. వైరు పట్టి లాగకండి, టోపీ పట్టి కొద్దిగా తిప్పి లాగండి. కొత్త ప్లగ్గు గ్యాపు ఫీలర్ గేజుతో (సన్నటి రేకుల కొలబద్ద) చూడండి, కంపెనీ పెట్టి పంపిందని వదిలేయకండి, దారిలో కింద పడి వంగినవి చాలా చూశాను. వేసేటప్పుడు పాత పెట్రోలు పైపు ముక్క జానెడు తీసుకుని ప్లగ్గు మూతికి తొడిగి దాంతో తిప్పండి. మర వంకరగా ఎక్కితే పైపు జారిపోతుంది, హెడ్డు బతుకుతుంది. చేత్తో పూర్తిగా ఆనాక పానాతో అర చుట్టు, మహా అయితే అరకి కొంచెం పైన. ఇది కొత్త ప్లగ్గుకి, వాషరు నలగాలి కాబట్టి. పాతదే తిరిగి వేస్తుంటే గడియారంలో ఐదు నిమిషాల ముల్లు కదిలినంతే. మరలకి గ్రీజు రాయకండి, జారుడు వల్ల తెలియకుండా అతిగా బిగుస్తుంది. మూతి మీది చిన్న బుడిపె మీ వైరుకి కావాలి, వదులుంటే పట్టకారుతో బిగించండి. కొన్ని బైకులకి దాన్ని విప్పి వేస్తారు, ఆ అలవాటున మీది కూడా విప్పేయగలరు, కనిపెట్టుకోండి.

వైర్లు ఒక్కొక్కటే మార్చండి. పాత ఒకటి తీసి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి పొడవు చూసి, దాని చోటే వేసి, తర్వాతే రెండోది. నేను పనిలో చేరిన కొత్తలో అంబాసిడర్‌కి నాలుగూ ఒకేసారి పీకేశాను. సిలిండర్లలో స్పార్కు పడే వరస దానికి 1-3-4-2, మా గురువుగారు అప్పటికే పదిసార్లు చెప్పారు, కంగారులో 1-2-3-4 పెట్టాను. కార్బొరేటర్లోంచి దీపావళి ఔటులా పేలింది, వీధి వీధంతా బయటికొచ్చింది. ఆయన తిట్టలేదు, సాయంత్రం దాకా 1-3-4-2 అని గోడమీద సుద్దతో రాయించారు. మీ 800కి వరస 1-3-2, టైమింగ్ బెల్టు వైపున్నది ఒకటో సిలిండరు. రెండూ మూడూ తారుమారైతే బండి ఒక్క సిలిండరు మీద కుంటుతుంది, కొత్త సామాను పాడని షాపువాడితో తగువుకి వెళ్తారు.

వైర్లని కలిపి టేపు చుట్టకండి. ఒకదాని కరెంటు పక్కదాన్లోకి ఊరుతుంది. దువ్వెనలాంటి క్లిప్పులు వస్తాయి, వాటిలో విడివిడిగా కూర్చోపెట్టండి. టోపీల లోపల సిలికాన్ గ్రీజు బఠాణీ గింజంత చాలు. చక్రాలకి వాడే గ్రీజు, ఇంట్లో ఉన్న కొబ్బరినూనె ఇవేవీ వద్దు. కోనసీమ కదా, కొబ్బరినూనె రాసి తెచ్చినవాళ్ళనీ చూశాను, వైర్ల నిండా దుమ్ము పేరుకుని గొంగళిపురుగుల్లా ఉన్నాయి. సర్వీసింగ్‌లో ఇంజిను మీద డీజిలు కొట్టి కడుగుతామంటే వద్దనండి, రబ్బరు ఉబ్బి టోపీ పట్టు వదిలేస్తుంది.

ముందు ఇవాళ రాత్రే ఆ స్ప్రే పరీక్ష చేయండి. ఎక్కడ మెరిసిందో, తీసిన మూడు ప్లగ్గుల రంగులు ఏ సిలిండరుది ఎలా ఉందో ఇక్కడే రాయండి. మెరుపు క్యాపు దగ్గరే ఉండి వైర్లు శుభ్రంగా ఉంటే, మీరు వైర్ల డబ్బు కూడా ఈ ఏడాదికి మిగుల్చుకోవచ్చు.